విభాగపత్రంలో లేని తీగలు: మన పాత ఇళ్ళు, కరెంటు, నిప్పు

ఇంతవరకు మన ఇంటి చరిత్ర అని రాసుకున్నప్పుడల్లా పెద్దలు ఏ దిక్కు నుంచి వచ్చినారు, ఏ వ్యాపారం పెట్టినారు, ఏ గుడికి ఏమి ఇచ్చినారు అని రాసుకున్నాము. బావి గురించి, తులసికోట గురించి, ధాన్యం గాదె గురించి కూడా రాసుకున్నాము. గోడల మీద పాకి, తరువాత గోడల లోపలికి దూరిన కరెంటు తీగల గురించి మాత్రం ఎవరమూ రాయలేదు. అది కూడా చరిత్రే అని మనకు తోచదు. కానీ పేటలోని పాత ఇంట్లో అన్నిటికంటే తొందరగా ముసలిదయ్యేది ఆ తీగే. గోడ నూరేళ్ళు నిలుస్తుంది, టేకు దూలం అంతకంటే ఎక్కువ నిలుస్తుంది. తీగ మీది తొడుగు ముప్పై నలభై ఏళ్ళకే అలసిపోతుంది. అలసిపోయినట్టు మనకు చెప్పదు.

ముందే ఒక మాట. మేము చదివింది కన్నడ మాధ్యమంలో. తెలుగు అక్షరాలు ఇంట్లో అవ్వ దగ్గర నేర్చుకున్నాము. అందుకని కరెంటు పనికి సంబంధించిన మాటలు ఎలక్ట్రీషియను నోట ఎట్ల విన్నామో అట్లే రాస్తున్నాము. పుస్తకాల తెలుగు కోసం వెతకలేదు.

కావేరి కరెంటు

మన మైసూరు సీమకు కరెంటు వచ్చింది ఇంటి దీపాల కోసం కాదు, బంగారం కోసం. శివనసముద్రం దగ్గర కావేరి దుమికే చోట కరెంటు తయారు చేసి, 92 మైళ్ళు, అంటే సుమారు 148 కిలోమీటర్లు, తీగల మీద కోలారు బంగారు గనులకు పంపినారు. అది 1902వ సంవత్సరం. ఆ రోజుల్లో ప్రపంచంలోనే అంత దూరం కరెంటు పంపిన లైన్లు చాలా తక్కువ. దివాను శేషాద్రి అయ్యర్ కాలంలో ఆ పని మొదలయింది. అది పూర్తి కావడం ఆయన చూడలేదు, 1901లోనే పోయినారు. గనుల్లో పని చేసినవాళ్ళలో ఆర్కాటు తమిళులతో పాటు చిత్తూరు దిక్కు నుంచి వచ్చిన మన తెలుగువాళ్ళూ చాలామంది ఉన్నారు. అంటే మన దక్షిణాదిలో కరెంటు వెలుతురు మొదట చూసినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారన్నమాట.

బెంగుళూరికి కరెంటు దీపం వచ్చింది 1905 ఆగస్టు 5న. మైసూరికి 1908లో. కావేరి నీళ్ళు బెంగుళూరు కొళాయిలకు వచ్చింది 1974లో. ఈ లెక్కన కావేరి మన ఇండ్లకు నీళ్ళుగా రావడానికి దాదాపు డెబ్భై ఏళ్ళ ముందే వెలుతురుగా వచ్చింది.

వీధిలో దీపం వెలిగినంత మాత్రాన ఇంట్లోకి రాలేదు. కలిగినవాళ్ళ ఇండ్లకు, సర్కారు కచేరీలకు, మిల్లులకు ముందు. మన మాదిరి అంగడివాళ్ళ ఇండ్లకు చాలా ఏండ్ల తరువాత. మా ముత్తాత హిందూపురం దిక్కు నుంచి వచ్చి పేటలో కట్టిన ఇంట్లో మొదట తీసుకున్నది మూడే మూడు దీపాలని అవ్వ చెప్పేది. అంగడిలో ఒకటి, పడసాలలో ఒకటి, మెట్ల దగ్గర ఒకటి. వంటింట్లో వద్దన్నారంట. పొయ్యి ఉన్న చోట ఇంకొక నిప్పు ఎందుకు అని ముత్తవ్వ మాట. కరెంటును ఆమె నిప్పుగానే చూసింది. ఆ చూపు తప్పు కాదు.

తీగలకూ తరాలున్నాయి

మనుషులకు మాదిరే ఇంటి వైరింగుకూ తరాలున్నాయి. పాత ఇంట్లో ఏ గోడ మీద ఏ తరం ఉందో తెలుసుకుంటే సగం ప్రమాదం తెలిసినట్టే.

మొదటి తరంలో తెల్లటి పింగాణి బిళ్ళల మధ్య తీగలను బిగించి గోడ మీద నడిపించేవాళ్ళు. కొంచెం ఖర్చు పెట్టగలిగినవాళ్ళు టేకు పట్టీలో రెండు గాళ్ళు తొలిచి, తీగలు అందులో పెట్టి, పైన చెక్క మూత కొట్టించేవాళ్ళు. దానికి కేసింగ్ క్యాపింగ్ అని పేరు. తీగ రాగిదే. దాని మీద రబ్బరు, రబ్బరు మీద నూలు అల్లిక. కొత్తలో ఆ రబ్బరు మెత్తగా ఉంటుంది. ఏండ్లు గడిచేకొద్దీ ఎండి, గట్టిపడి, వేలితో తాకితే పొడి రాలుతుంది. పొడి రాలిన చోట తీగ బోడిగా నిలుస్తుంది. చుట్టూ ఉన్నది చెక్క.

రెండో తరం బ్యాటెన్ వైరింగు. సన్నని చెక్కపట్టీ, దాని మీద వరసగా రేకు క్లిప్పులు, ఆ క్లిప్పుల్లో వైరు. మా వయసువాళ్ళు చిన్నప్పుడు చూసిన ఇండ్లన్నీ ఇవే. సున్నం కొట్టినప్పుడల్లా ఆ వైర్ల మీదా ఒక పూత పడేది. ఒక మేలు మాత్రం ఉండేది, తీగ కంటికి కనబడేది. నల్లబడినా, ఎలుక కొరికినా తెలిసేది.

మూడో తరంలో తీగ గోడలోకి పోయింది. ప్లాస్టిక్ గొట్టం, దానిలో పీవీసీ తొడుగు వైరు. చూడటానికి అందం. అదే సమయంలో ఇంకొక మార్పు కూడా వచ్చింది. మన దేశంలో రాగి తక్కువ, బయటి నుంచి తెప్పించాలి. అందుకని 1960ల నుంచి చాలా ఏండ్లు ఇంటి వైరింగులో అల్యూమినియం తీగ వాడినారు. అల్యూమినియం మెత్తనిది. స్క్రూ కింద బిగించినప్పుడు బాగానే ఉంటుంది. వేడెక్కుతూ చల్లారుతూ ఉండే కొద్దీ మెల్లగా జారి వదులవుతుంది. దాని మీద పట్టే పొర కరెంటును సరిగ్గా పోనివ్వదు. ఆ చోట వేడి పుడుతుంది. పేటలో, పాత ఎక్స్‌టెన్షన్లలో, 1970లలో 80లలో కట్టిన మిద్దెల్లో ఈ తీగ ఇంకా ఉంది. బోర్డు విప్పినప్పుడు తీగ ఎర్రగా కాక తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియం కావచ్చు. పాత రాగి తీగకు కళాయి పూసి ఉన్నా తెల్లగానే కనిపిస్తుంది, కాబట్టి ఎలక్ట్రీషియను చేత చూపించుకోవాలి.

ఈ మూడు తరాలూ ఒకే ఇంట్లో కలిసి ఉండటమే మన ఇండ్ల విశేషం. కింద అంగడిలో బ్యాటెన్, పై మిద్దెలో గొట్టం, మధ్యలో మెట్ల దగ్గర ముత్తాత కాలపు చెక్క పట్టీ. అన్నిటికీ మూలం ఒకే మీటరు.

ఓడిపోవడమే దాని పని

ఆ మీటరు పక్కన పింగాణి ఫ్యూజు ఉండేది. కేఈబీవాళ్ళు సీలు వేసింది ఒకటి, మనది ఒకటి. మైసూరు విద్యుత్ మండలి 1957లో పుట్టింది, తరువాత అది కర్ణాటక విద్యుత్ మండలి అయింది, 2002 నుంచి బెంగుళూరు దిక్కు పంపిణీ బెస్కాం చేతికి వచ్చింది. అయినా మన పెద్దల నోట ఈనాటికీ కేఈబీయే.

ఫ్యూజులో ఉండే సన్నని తీగకు ఒకటే పని. ఇంట్లో ఎక్కడైనా మితిమీరిన కరెంటు పారితే మిగతా తీగలకంటే ముందు తను కరిగి తెగిపోవాలి. ఇల్లంతటిలో కావాలని బలహీనంగా పెట్టిన చోటు అదొక్కటే. అది ఓడిపోతే ఇల్లు గెలుస్తుంది.

మనవాళ్ళకు అది నచ్చేది కాదు. పెండ్లి వేళ, పండుగ వేళ, అంగడిలో బేరం నడిచే వేళ ఫ్యూజు పోతే చిరాకు. అందుకని మాటిమాటికీ పోకుండా ఉండాలని సన్న తీగ బదులు లావు తీగ చుట్టేవాళ్ళు. కొందరు మామూలు వైరులోని పోగులు రెండు మూడు మెలివేసి పెట్టేవాళ్ళు. దాన్ని గట్టి ఫ్యూజు అనేవాళ్ళు. ఆ తరువాత ఫ్యూజు పోయేది కాదు. అంటే ఇంట్లోని బలహీనమైన చోటు ఫ్యూజు డబ్బీలోంచి లేచి, గోడలో మనకు కనిపించని ఏదో ఒక మూలకు పోయేది. మన ఇండ్లలో కరెంటు నిప్పు చరిత్ర చాలావరకు ఈ ఒక్క మార్పులోనే ఉంది.

మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. ఆ పనిలో అందరూ అడిగేది ‘పని చేస్తుందా’ అని. మేము అడగవలసింది ‘చెడిపోతే ఎట్ల చెడుతుంది’ అని. ఫ్యూజు కనిపెట్టినవాళ్ళు ఆ రెండో ప్రశ్నకు జవాబు ఇచ్చినారు. లావు తీగ చుట్టినవాళ్ళు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయినారు.

ఇల్లు అదే, బరువు వేరే

కొంచెం లెక్క చూద్దాము. మన ఇండ్లకు వచ్చేది 230 వోల్టులు. వాట్లను 230తో భాగిస్తే ఎన్ని ఆంపియర్లు పారుతాయో తెలుస్తుంది.

నలభై వాట్ల బల్బులు నాలుగు, ఒక రేడియో, ఒక ఫ్యాను. తాత కాలపు ఇంటి బరువు అంతా కలిపినా ఒకటి, ఒకటిన్నర ఆంపియర్లు. ఇప్పుడు అదే ఇంట్లో 2000 వాట్ల గీజరు ఒక్కటే దాదాపు 9 ఆంపియర్లు తాగుతుంది. ఇండక్షన్ పొయ్యి ఇంకొక 9. ఇస్త్రీ పెట్టె 4కు పైన. ఏసీ 7 దాకా. పొద్దున ఆరు గంటల నుంచి ఎనిమిది దాకా నాలుగు కుటుంబాలు ఒకేసారి స్నానాలు, వంటలు మొదలు పెడితే మూల తీగ మీద పడే బరువు మీరే ఊహించుకోండి.

ఇంకొక సంగతి బడిలో చదివి మరచిపోయి ఉంటాము. తీగలో పుట్టే వేడి కరెంటుతో సమానంగా పెరగదు. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు. మూడింతలైతే తొమ్మిదింతలు. మామూలు పీవీసీ తొడుగు ఎడతెగకుండా తట్టుకోగలిగింది 70 డిగ్రీలు. దానికి మించి రోజూ కాగితే ఒక్కసారి మండదు. మెల్లగా గట్టిపడి, పగిలి, ఒకనాడు రెండు తీగలు కలుస్తాయి. మనం షార్ట్ సర్క్యూట్ అని పత్రికలో చదివేది ఆ చివరి నిమిషం గురించి. దాని వెనుక పదేండ్ల కథ ఉంటుంది.

పోయిన ఎర్తు

ఇంకొక మార్పు ఎవరూ గమనించకుండా జరిగింది. పాత ఇండ్లలో ఎర్తు తీగను చాలామంది నీళ్ళ గొట్టానికి కట్టేవాళ్ళు. ఇనుప గొట్టం భూమిలోకి పోతుంది కాబట్టి పని జరిగేది. తరువాత తుప్పు పట్టిన గొట్టాలు తీసేసి ప్లాస్టిక్ గొట్టాలు వేసినారు. నీళ్ళు బాగా వచ్చినాయి. ఎర్తు మాత్రం ఆ రోజుతో పోయింది. మూడు పిన్నుల ప్లగ్గు ఉంది, పెద్ద పిన్ను ఉంది, దాని వెనుక తీగ ఉంది, ఆ తీగ పోయి ప్లాస్టిక్ గొట్టాన్ని కౌగిలించుకొని ఉంది.

బొగ్గు, ఉప్పు వేసి తవ్విన ఎర్తు గుంత ఉన్న ఇండ్లలో కూడా ఎండాకాలం దానిలో నీళ్ళు పోయడం మన అవ్వల కాలంలో ఒక పనిగా ఉండేది. ఇప్పుడు ఆ గుంత మీద టైల్సు వేసినవాళ్ళున్నారు.

మన ఇంట్లో జరిగింది

ఇంటిని నాలుగు భాగాలు చేసుకున్న తరువాత చిన్నాయన వాళ్ళ భాగంలో ఒకసారి గీజరు బోర్డు కాలింది. ఎవరికీ ఏమీ కాలేదు. ప్లగ్గు కరిగి గోడకు అంటుకుంది, గోడ నల్లబడింది, ఇంటినిండా చేపలు మాడినట్టు వాసన. శాకాహారుల ఇంట్లో ఆ వాసన ఏమిటని రెండు దినాలు ముందు నుంచే పిన్నమ్మ అడుగుతూ ఉండిందంట. వచ్చిన ఎలక్ట్రీషియను విప్పి చూస్తే సాకెట్టు వెనుక ఒక స్క్రూ వదులు. అంతే.

అందరమూ అడిగింది ఒకటే, కొత్తగా ఎంసీబీ పెట్టించినాము కదా, అది ఎందుకు పడలేదు అని. జవాబు తెలుసుకోవలసిందే. ఎంసీబీ చూసేది కరెంటు మితిమీరిందా అని. వదులు స్క్రూ దగ్గర కరెంటు మితిమీరదు. పారేది అదే 9 ఆంపియర్లు. కానీ పారే దారి ఇరుకై ఆ ఒక్క చోటే కాగుతుంది. ఎంసీబీకి అంతా సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. లీకేజీ చూసే ఆర్‌సీసీబీకి కూడా అది తెలియదు. అది తెలిసేది మన ముక్కుకు, కంటికి, చేతికి. ప్లగ్గు వేడిగా ఉండటం, సాకెట్టు చుట్టూ గోధుమ రంగు మచ్చ, చిటచిటమనే చప్పుడు, ఒక గదిలో దీపం అప్పుడప్పుడు వణకడం, ఎక్కడ నుంచి వస్తుందో తెలియని మాడు వాసన. ఇవి ఐదూ మన ఇంట్లోని ప్రతి ఒక్కరికీ, చిన్నపిల్లలకు కూడా, తెలిసి ఉండాలి.

బయట జరిగిన రెండు

పొగ ఏమి చేస్తుందో బెంగుళూరువాళ్ళు 2010 ఫిబ్రవరి 23న చూసినారు. పాత విమానాశ్రయం దారిలోని కార్ల్‌టన్ టవర్స్ అనే కచేరీల కట్టడంలో కరెంటు తీగలు పోయే గూటిలో మొదలైన నిప్పు నుంచి పొగ మేడలన్నిటికీ ఎక్కింది. 9 మంది పోయినారు. పొగ తట్టుకోలేక కిటికీల నుంచి దూకినవాళ్ళు ఉన్నారు.

అది కచేరీ. ఇంటి సంగతికి వస్తే, కింద అంగడి పైన కాపురం అనే మన మాదిరి ఇల్లే హైదరాబాదులో చార్మినారు దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఉండేది. తరతరాలుగా ముత్యాల వ్యాపారం చేసుకునే కుటుంబం. 2025 మే 18న, ఆదివారం తెల్లవారి వేళ అక్కడ నిప్పు అంటుకుంది. 17 మంది పోయినారు, అందులో చిన్నపిల్లలున్నారు. కారణం షార్ట్ సర్క్యూట్ అని అధికారులు మొదట చెప్పినారు. లోపలికి పోవడానికి బయటికి రావడానికి ఒక్కటే ఇరుకు దారి. సెలవుల్లో చుట్టాలు కూడిన ఇల్లు. ఈ మాటలు చదివినప్పుడు మనలో ఎంతమందికి తమ తాతగారి ఇల్లు కళ్ళముందు కనిపించలేదు?

ముందే చేసుకోవలసినవి

ఇప్పుడు పని మాటలు. మా ఎలక్ట్రీషియను, ఇంజనీరింగ్ చదివిన మా బావ చెప్పినవి, నియమాల్లో ఉన్నవి కలిపి రాస్తున్నాము.

మొదట ఒకసారి లైసెన్సు ఉన్న కాంట్రాక్టరును పిలిచి మెగ్గర్ పరీక్ష చేయించండి. 500 వోల్టులు పెట్టి తీగల తొడుగు ఎంత గట్టిగా ఉందో చూస్తారు. కనీసం 1 మెగోమ్ రావాలి. రాకపోతే ఆ తీగ పని అయిపోయినట్టే. దీనికి గోడ పగలగొట్టే పని లేదు.

కొత్త వైరింగు చేయించేటప్పుడు దీపాలకు, ఫ్యాన్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 16 ఆంపియర్ల పెద్ద సాకెట్లకు 2.5, ఏసీకి గీజరుకు 4 అని సాధారణంగా వేస్తారు. గీజరుకు, ఏసీకి వేరువేరుగా బోర్డు నుంచి నేరుగా లైను రావాలి. ఎంసీబీ అనేది తీగకు కావలి. సన్న తీగ మీద పెద్ద ఎంసీబీ పెట్టడమంటే పాత గట్టి ఫ్యూజు మళ్ళీ పెట్టినట్టే. మాటిమాటికీ పడుతుందని 16 తీసి 32 పెట్టమనకండి. ఎందుకు పడుతుందో అడగండి.

షాకు నుంచి కాపాడటానికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎలుక కొరికి తీగ నుంచి గోడకు, ఎర్తుకు కారే కరెంటును కూడా అది పట్టుకుంటుంది. దాని మీద పరీక్ష బటను ఒకటి ఉంటుంది. నెలకు ఒకసారి నొక్కండి. నొక్కితే పడాలి. పడకపోతే అది గోడకు పెట్టిన బొమ్మ.

పండుగ రోజుల సంగతి వేరే చెప్పాలి. గౌరి గణేశ పండుగకు, దీపావళికి సీరియల్ దీపాలు వేసేటప్పుడు ప్లగ్గు లేకుండా బోడి తీగలను సాకెట్టులో దూర్చి అగ్గిపుల్ల చెక్కడం మన వీధుల్లో ఈనాటికీ ఉంది. అది వదులు జాయింటుకు అన్నగారు. అట్లే సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఇస్త్రీ పెట్టె, హీటరు పెట్టకూడదు. వైరును చాప కింద, తివాచీ కింద పరచకూడదు. దేవుని మూలలో ఆరని దీపం పక్కన, పైన కరెంటు బోర్డు ఉంటే బోర్డును జరిపించండి, దీపాన్ని కాదు. కరెంటు స్కూటరు బ్యాటరీని మెట్ల దగ్గర, బయటికి పోయే దారిలో చార్జింగుకు పెట్టకండి. రాత్రి అందరూ నిద్రపోయేటప్పుడూ వద్దు.

వంటింటి బయట ఏబీసీ పొడి డబ్బా, అంటే నిప్పు ఆర్పే సిలిండరు, ఒకటి ఉంచండి. మంటకు దగ్గర కాదు, బయటికి పోయే తలుపుకు దగ్గర.

నిప్పు అంటుకుంటే

అప్పుడు చదవడానికి తీరిక ఉండదు. అందుకని ఇప్పుడే.

ఒకటి, అరవండి. అందర్నీ లేపండి. ముసలివాళ్ళను, పిల్లలను బయటికి పంపండి. నగలు, పత్రాలు, దేవుని పటాలు తరువాత. తరువాత అంటే బహుశా ఎప్పుడూ కాదు, ఫరవాలేదు.

రెండు, మెయిను దారిలోనే ఉండి, భయం లేకుండా చేయి అందేటట్టుంటే ఆపండి. బెంగుళూరు ఇండ్లలో ఇన్వర్టరు ఉంటుంది కదా, మెయిను ఆపినా అది గోడల్లోని తీగలకు కరెంటు పంపుతూనే ఉంటుంది. దాన్నీ ఆపాలి. మిద్దె మీద సోలారు ఉన్నవాళ్ళు దాని స్విచ్చు ఎక్కడుందో కూడా తెలుసుకొని ఉండండి.

మూడు, కరెంటు ఉన్న మంట మీద నీళ్ళు పోయవద్దు. ఇది మన చేతికి అలవాటైన పని కాబట్టి గట్టిగా చెప్తున్నాము. బిందె ఎత్తే ముందు మెయిను. మెయిను ఆగిందో లేదో తెలియకపోతే నీళ్ళు లేవు. పొడి సిలిండరు, లేదా పొడి ఇసుక.

నాలుగు, మంట చిన్నదిగా, బోర్డు దగ్గరే ఉంటే మాత్రమే సిలిండరు వాడండి. వీపు తలుపు దిక్కుకు ఉండాలి. పిన్ను లాగి, మంట అడుగుకు గురిపెట్టి, అటూ ఇటూ ఊడ్చినట్టు కొట్టాలి. ఇంటి సిలిండరు కొన్ని సెకన్లే వస్తుంది. ఆరకపోతే అక్కడ నిలబడకండి.

ఐదు, బయటికి వచ్చేటప్పుడు ఆ గది తలుపు మూయండి. మూసిన తలుపు పొగను చాలాసేపు ఆపుతుంది. పొగ పైకి లేస్తుంది కాబట్టి నేలకు వంగి, పాకుతూ రండి. లిఫ్టు వద్దు. వచ్చినవాళ్ళు మళ్ళీ లోపలికి పోవద్దు.

ఆరు, 101కి గాని 112కి గాని ఫోను చేయండి. పేట సందుల్లోకి పెద్ద బండి రాదు. ఏ గుడి దగ్గర, ఏ సర్కిలు దగ్గర ఆగాలో చెప్పి, ఒకరిని అక్కడికి పంపండి. లైను ఆపించడానికి 1912.

ఎవరికైనా షాకు తగిలి తీగకు అతుక్కొని ఉంటే చేత్తో లాగకండి. ముందు కరెంటు ఆపండి. ఆపలేకపోతే పొడి కర్రతో తోయండి. కాలినవాళ్ళకు కొళాయి నీళ్ళు 20 నిమిషాలు పారించండి. పసుపు, వెన్న, టూత్‌పేస్టు, సిరా ఏదీ పూయకండి. ఒంటి మీద బట్టలు అంటుకుంటే పరుగెత్తకుండా నేల మీద పడి దొర్లాలి.

ఆరిపోయిన తరువాత మెయిను మనం వేయకూడదు. ఎలక్ట్రీషియను చూసి, పరీక్ష చేసి, ఆయనే వేయాలి.

విభాగపత్రం మాట

ఇదంతా తెలిసినవాళ్ళు మన కుటుంబంలో తక్కువేమీ లేరు. ఇంజనీర్లున్నారు, లైన్‌మ్యానుగా రిటైరైన మామ ఉన్నాడు. అయినా మన పేట ఇంటి మూల తీగ ఇంకా పాతదే. కారణం కరెంటులో లేదు, మన విభాగపత్రంలో ఉంది.

మొన్న ఆ పత్రం మళ్ళీ చదివినాము. కన్నడలో, చక్కటి అక్షరాలతో రాసి ఉంది. బావిలో ఎవరికి ఎంత హక్కో ఉంది. మెట్లు నలుగురికీ ఉమ్మడి అని ఉంది. మిద్దె మీద బట్టలు ఆరేసే హక్కు కూడా ఉంది. మీటరు నుంచి నాలుగు భాగాలకూ పోయే తీగ మాట ఎక్కడా లేదు. అది ఎవరిదీ కాదు. మీటరు ఇంకా పోయిన తాత పేరు మీదే ఉంది. ఎవరి భాగంలో వాళ్ళు కొత్త టైల్సు వేయించినారు, ఏసీ పెట్టించినారు, రంగు కొట్టించినారు. ఆ ఉమ్మడి తీగ మీదికి అందరూ బరువు ఎత్తినారు, దానికి ఎవరూ రూపాయి పెట్టలేదు. దావా పడుతుందని కొందరు, అమ్మేసే ఇల్లే కదా అని కొందరు, బాడుగకు ఇచ్చినవాళ్ళు బాడుగవాళ్ళే చూసుకోవాలని కొందరు.

ఆ ఇంట్లో కింద భాగంలో మన పెద్దత్త ఒక్కతే ఉంటుంది. ఆమెకు మోకాళ్ళ నొప్పి. మెట్ల కింద, మీటరు పక్కనే ఆమె మంచం. బయటికి ఒక్కటే తలుపు. ఇంతకంటే ఏమి రాయాలో మాకు తెలియదు.

లైన్‌మ్యాను మామ చూసి, ఉమ్మడి లైను మార్చడానికి, ఒక్కొక్క భాగానికి వేరే మీటరు తీసుకోవడానికి అయ్యే అంచనా రాసి ఇచ్చినాడు. నలుగురికీ పంచితే ఒక్కొక్కరికి పడేది పోయిన ఏడు పెండ్లికి మనం పెట్టిన పూలంత కూడా లేదు. ఇద్దరు సరేనన్నారు. మిగిలిన ఇద్దరూ ఇది చదువుతారని మాకు తెలుసు. పెద్దనాయనా, అక్కా, ఇందులో ఎవరి హక్కూ పెరగదు, ఎవరి భాగమూ తరగదు. కావాలంటే ఆ మాట కాగితం మీద రాసుకొని నలుగురమూ సంతకం పెడదాము.

మిగతా ఊర్లలో ఉన్న బంధువులకు కూడా ఒక మనవి. హోసూరులో, బళ్ళారిలో, సోలాపూరులో, బరంపురంలో మన మాదిరి ఉమ్మడి ఇండ్లు చాలా ఉన్నాయి. మీ ఇంటి పత్రం తీసి ఒకసారి చూడండి. తీగ మాట ఉందా? లేకపోతే ఒక తెల్ల కాగితం మీద మూడు సంగతులు రాసి మెయిను బోర్డు పక్కన అంటించండి: వైరింగు చివరిసారి ఎప్పుడు మార్చినారు, ఎప్పుడు పరీక్ష చేయించినారు, ఈ ఉమ్మడి తీగ బాధ్యత ఎవరిది. మూడో ప్రశ్న ముందు ఒక పేరు రాయగలిగితే చాలు, ఆ ఇంట్లో మిగతా పనులు వాటంతట అవే మొదలవుతాయి.